పులి దూకేలోపు ఆలోచించేదెలా? ఆర్పీజీ గేముల్లో వేగం, వ్యూహం

పోయిన సెమిస్టర్‌లో మినీ ప్రాజెక్టు కోసం మేం నలుగురం కలిసి ఒక వీడియో గేమ్ చేశాం. రివ్యూ రోజు ల్యాబ్‌లో బాగానే ఆడింది. సార్ రెండు ప్రశ్నలడిగి వదిలేశారు. జూనియర్లు చుట్టూ మూగి "అన్నా, నాకొకసారి" అని తోసుకున్నారు. ఆ ఊపులో శనివారం సంగం డెయిరీ దగ్గర బస్సెక్కి తెనాలి, అక్కడ్నుంచి ప్యాసింజర్‌లో రేపల్లె వెళ్లి, బ్యాగు కూడా దించకుండా తమ్ముడి ఫోన్‌లో గేమ్ ఎక్కించాను.

వాడు పది నిమిషాలు ఆడాడు. ఫోన్ పక్కన పెట్టి "బాగుంది అన్నయ్యా" అన్నాడు.

వాడి సంగతి నాకు తెలుసు. నచ్చిన ఆట అయితే అమ్మ అన్నానికి నాలుగుసార్లు పిలిచినా లేవడు. అలాంటివాడు పది నిమిషాలకే పక్కన పెట్టాడంటే ఏదో తేడా ఉంది. గట్టిగా అడిగితే అప్పుడు చెప్పాడు. "పులి ఎప్పుడు దూకుతుందో తెలుస్తోంది. పక్కకి జరగాలనీ తెలుస్తోంది. నొక్కుతున్నా. నొక్కేలోపే చచ్చిపోతున్నా. ఇంక నేనేం చెయ్యాలి?"

నాకు జవాబు తోచలేదు. అసలు బాధేంటంటే, ఆ గేమ్ పుట్టిందే వాడితో ఆడిన ఆటలోంచి. చిన్నప్పుడు మా అరుగు మీద సుద్దముక్కతో గీతలు గీసి పులి-మేక ఆడేవాళ్లం. మూడు గులకరాళ్లు పులులు, పదిహేను చింతపిక్కలు మేకలు. మేకల వైపు ఆడితే వాడిని ఓడించడం నా వల్ల అయ్యేది కాదు. అలాంటివాడు నేను చేసిన పులి-మేకలో మూడు నిమిషాలు కూడా బతకలేకపోయాడు.

వడ్లమూడి తిరిగొచ్చాక నెల రోజులు దీని మీదే కూర్చున్నాం. అప్పుడు తెలుసుకున్నవి ఈ వ్యాసంలో పెడుతున్నాను. గేములు చేసేవాళ్లకే కాదు, ఆడేవాళ్లకీ పనికొస్తాయని నా నమ్మకం.

అసలు గొడవేంటి?

గేములు ఆడని వాళ్ల కోసం రెండు ముక్కలు. రోల్ ప్లేయింగ్ గేమ్, అంటే ఆర్పీజీలో మనం ఒక పాత్రలోకి దిగుతాం. ఆ పాత్ర పోరాడుతూ, కొత్త విద్యలు నేర్చుకుంటూ, కత్తో కవచమో మార్చుకుంటూ బలపడుతుంది. దీనికి మూలం 1974లో వచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే బల్ల మీది ఆట. అందులో పాచికలు వేస్తూ వంతులవారీగా ఆడతారు. నీ వంతు వచ్చినప్పుడు టీ తాగుతూ ఆలోచించుకున్నా ఎవరూ ఏమనరు.

కంప్యూటర్‌లోకి వచ్చాక ఈ కుటుంబం రెండుగా చీలింది. ఒక వైపు వంతులవారీ ఆటలు, అంటే టర్న్-బేస్డ్. ఇవి ఆలోచనకి పరీక్ష. రెండో వైపు యాక్షన్ ఆటలు. శత్రువు నీ కోసం ఆగడు, కాబట్టి ఇవి కంటికీ చేతికీ పరీక్ష. ఈ చీలిక ఎలా జరిగిందో చెప్పే ఒక కథ గేములు చేసేవాళ్లలో బాగా ప్రచారంలో ఉంది. 1996 చివర్లో వచ్చిన 'డయాబ్లో' మొదట టర్న్-బేస్డ్ ఆట. దాన్ని రియల్ టైమ్‌లోకి మార్చమని పబ్లిషర్ వైపు నుంచి ఒత్తిడి వచ్చింది. ప్రధాన ప్రోగ్రామర్ డేవిడ్ బ్రెవిక్‌కి అది ఇష్టం లేదు. కానీ టీమ్‌లో ఎక్కువమంది అటే మొగ్గారు. సరే చూద్దామని కొన్ని గంటల్లో కోడ్ మార్చేసి, తెర మీది అస్థిపంజరం మీద ఒక క్లిక్ కొట్టాడు. హీరో నడుచుకుంటూ వెళ్లి దాన్ని ఒక్క వేటుతో కూల్చేశాడు. ఆ క్షణంలోనే తన మనసు మారిపోయిందని బ్రెవిక్ తర్వాత ఒక ప్రసంగంలో చెప్పాడు.

మా టీమ్‌లోనూ సరిగ్గా ఈ గొడవే వచ్చింది. కోడ్ రాసేది మా రూమ్మేట్. వాడికి వేగం కావాలి. బొమ్మలు వేసే అమ్మాయికి కంచెలు, కాగడాలు, కుక్క, డప్పు అన్నీ పనికొచ్చేలా వ్యూహం కావాలి. సౌండ్ చూసేవాడు ఎవరు గట్టిగా మాట్లాడితే వాళ్ల వైపు. నేను మధ్యలో. రేపల్లె నుంచి వచ్చి తమ్ముడి మాట చెప్పగానే రూమ్మేట్ "మామా, ఆపి ఆలోచించుకోవాలంటే మీ తమ్ముణ్ణి చెస్ ఆడుకోమను" అన్నాడు. రెండు రోజులు మేమిద్దరం మాట్లాడుకోలేదు. విచిత్రంగా, దారి చూపించింది వాడన్న ఆ చెస్సే.

చదరంగం గడియారం చెప్పే పాఠం

చెస్ అంటే మన గుంటూరు వైపు కొత్తగా చెప్పేదేముంది. పెంటేల హరికృష్ణ, ద్రోణవల్లి హారిక ఇద్దరూ గుంటూరు వాళ్లే. కృష్ణకి అవతల గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2019లో మాస్కోలో, 2024లో న్యూయార్క్‌లో ప్రపంచ రాపిడ్ ఛాంపియన్ అయింది. ఆ రాపిడ్ అన్న మాట దగ్గరే ఆగుదాం.

క్లాసికల్ చెస్‌లో ఒక్క గేమ్ గంటల తరబడి సాగుతుంది. ప్రపంచ రాపిడ్ పోటీలో ఒక్కొక్కరికి 15 నిమిషాలు, వేసిన ప్రతి ఎత్తుకీ అదనంగా 10 సెకన్లు ఇస్తారు. బ్లిట్జ్‌లో 3 నిమిషాలు, ఎత్తుకి 2 సెకన్లు. బోర్డు అదే, గుర్రం అదే, ఏనుగు అదే. మారింది గడియారం ఒక్కటే. అయినా ఈ మూడింటికీ వేర్వేరు ఛాంపియన్‌షిప్‌లు, వేర్వేరు రేటింగ్‌లు ఉన్నాయి. 2025 మహిళల ప్రపంచకప్ ఫైనల్‌లో హంపి, దివ్యా దేశ్‌ముఖ్ ఆడిన రెండు క్లాసికల్ గేములూ డ్రా అయ్యాయి. రాపిడ్‌కి వెళ్లాకే దివ్య గెలిచింది. గంటల తరబడి ఆలోచించే వీలున్నప్పుడు తేలని ఫలితం టైమ్ తగ్గాక తేలింది.

దీన్నిబట్టి నాకర్థమైంది ఇది. వేగం, వ్యూహం ఒకదానికొకటి శత్రువులని మేం అనుకున్నాం. కానీ బ్లిట్జ్‌లో వ్యూహం లేదని ఎవరూ అనరు. ఆలోచించడానికి ఆటగాడికి ఎంత టైమ్ దొరుకుతోంది, ఆ టైమ్‌లో ఎన్ని దారుల్లోంచి ఒకటి ఎంచుకోవాలి అన్నవి రెండూ పొసగాలి, అంతే. పొసగకపోతే ఆట చెడుతుంది.

ఎత్తుకి 10 సెకన్లు కలిపే పద్ధతికి కూడా ఒక చరిత్ర ఉంది. 1980ల చివర్లో బాబీ ఫిషర్ పేటెంట్ తీసుకున్న గడియారం అది. దానివల్ల చివర్లో టైమ్ అయిపోతున్నా, ఎత్తు వేసిన ప్రతిసారీ కాస్త ఊపిరి దొరుకుతుంది. ఆడితే టైమ్ వస్తుందన్నమాట. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరకే వస్తాం.

పావు సెకను లెక్క

మన బ్రాంచ్ ఏదైనా లెక్క లేకుండా వ్యాసం రాస్తే బాగుండదు కాబట్టి ఒక చిన్న లెక్క.

తెర మీద ఒక మార్పు కనబడితే, దానికి స్పందించి బటన్ నొక్కడానికి మామూలు మనిషికి దాదాపు పావు సెకను పడుతుంది, అంటే 250 మిల్లీ సెకన్లు. చేయాల్సింది ఒకే పని అయినప్పటి మాట ఇది. నాలుగైదు పనుల్లో ఒకటి ఎంచుకోవాలంటే ఇంకాస్త ఎక్కువ పడుతుంది. ఎంత ఎక్కువ అన్నదాన్ని 1952లో విలియం హిక్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త కొలిచాడు. దారుల సంఖ్య రెట్టింపైన ప్రతిసారీ నిర్ణయానికి పట్టే టైమ్ దాదాపు ఒకే మోతాదులో పెరుగుతుందని ఆయన చూపించాడు. రెండు నుంచి నాలుగుకి వెళ్తే ఒక మెట్టు, నాలుగు నుంచి ఎనిమిదికి ఇంకో మెట్టు. లాగరిథమ్ అన్నమాట. దీన్నే హిక్ సూత్రం అంటారు.

ఇప్పుడు మా పులి. అది వెనక్కి ఒంగి, తోక ఆడించి, దూకేదాకా మేం పెట్టిన టైమ్ 300 మిల్లీ సెకన్లు. సెకనుకి 60 ఫ్రేములు ఆడే ల్యాబ్ కంప్యూటర్‌లో అది 18 ఫ్రేములు. మా రూమ్మేట్‌కి అది చాలా తేలిక.

మాటలు మానేసిన మూడో రోజు రాత్రి వాడే నా మంచం దగ్గరికి వచ్చి "మీ తమ్ముడి ఫోన్ మోడల్ ఏంటి?" అని అడిగాడు. పక్క రూమ్‌లో ఎవరి దగ్గరో అదే మోడల్ దొరికింది. ఇంకో ఫోన్‌లో సెకనుకి 240 ఫ్రేముల స్లో మోషన్ వీడియో పెట్టి, వేలు తెరకి తగలడం దగ్గర్నుంచి హీరో కదలడం దాకా ఫ్రేములు లెక్కపెట్టాం. 27 వచ్చాయి. 27ని 240తో భాగిస్తే సుమారు 112 మిల్లీ సెకన్లు. మనిషికి పట్టే 250కి ఫోన్‌కి పట్టే 112 కలిపితే 362. పులి దూకేది 300కే.

కాబట్టి మామూలుగా స్పందించే మనిషి ఆ ఫోన్‌లో పులిని చూసి తప్పించుకోవడం జరిగే పని కాదు. తమ్ముడు ఓడిపోవడం లేదు, వాడికి గెలిచే వీలే లేదు. పైగా ఆ ఫోన్‌లో గేమ్ సెకనుకి 20 ఫ్రేములకి పడిపోతోంది. 18 ఫ్రేముల హెచ్చరిక వాడికి ఆరు ఫ్రేముల్లోనే అయిపోతోంది. తోక ఆడటం వాడు సరిగ్గా చూసి కూడా ఉండడు.

ఆ కాగితం చూసి రూమ్మేట్ చాలాసేపు ఏమీ అనలేదు. చివరికి "నేను ఆడింది ల్యాబ్‌లో కదరా" అన్నాడు. అదే వాడు సారీ చెప్పే పద్ధతి.

చురుకైన వేళ్లున్నవాళ్లు ఏం చేశారు?

ఇది సగమే. మిగతా సగం రివ్యూ రోజే మా కళ్ల ముందు జరిగింది, మేం చూడలేదు. మా గేమ్‌లో హీరో ఒక మేకల కాపరి. ముళ్లకంచె వేయొచ్చు, కాగడా పాతొచ్చు, డప్పు కొట్టి పులిని మళ్లించొచ్చు, కుక్కని పంపొచ్చు. ఇలాంటివి మొత్తం ఎనిమిది విద్యలు. పులి కదలడానికి దారి లేకుండా చేస్తే గెలుపు, అచ్చం పులి-మేకలో లాగా. చేతిలో ఒక కర్ర కూడా ఉంటుంది.

ఆ రోజు ఆడిన జూనియర్లంతా కర్రతోనే గెలిచారు. తప్పుకో, రెండు దెబ్బలు కొట్టు, తప్పుకో, రెండు దెబ్బలు కొట్టు. కంచె వాడినవాడు ఒక్కడే, అదీ పొరపాటున వేరే బటన్ నొక్కి. నెల రోజులు కూర్చుని బొమ్మలు గీసిన అమ్మాయి మనసులో అప్పుడు ఏమనుకుందో మేం అడగలేదు. తర్వాత అడిగితే "మీకు కనబడుతుందేమోనని చూశాను" అంది.

హిక్ సూత్రం ప్రకారం చూస్తే జూనియర్ల తప్పేం లేదు. మూడో వంతు సెకను కూడా లేని చోట ఎనిమిది దారులు పెడితే ఎవరైనా ఒకటే దారి పట్టుకుంటారు. మిగతా ఏడూ అలంకారమైపోతాయి. నెమ్మదిగా ఆడేవాడు చనిపోవడం, వేగంగా ఆడేవాడు ఆలోచించకుండానే గెలవడం, రెండూ ఒకే జబ్బుకి రెండు లక్షణాలు.

మంచి గేములు ఆలోచించే టైమ్‌ని ఎక్కడ దాస్తాయి?

తర్వాత రెండు వారాలు మాకు తెలిసిన ఆర్పీజీలన్నీ ఈ కళ్లతో చూశాం. వేగంగా ఉంటూనే బుర్రకి పని పెట్టే ప్రతి గేమూ ఆలోచించే టైమ్‌ని ఎక్కడో ఒకచోట దాచిపెడుతోంది. మాకు నాలుగు చోట్లు కనిపించాయి.

మొదటిది, ఆటని ఆపేయడం. 1998లో వచ్చిన 'బాల్డర్స్ గేట్' దీనికి పేరుమోసిన ఉదాహరణ. యుద్ధం రియల్ టైమ్‌లోనే నడుస్తుంది. స్పేస్ బార్ నొక్కితే లోకం ఆగిపోతుంది. ఆరుగురికీ ఆజ్ఞలిచ్చి మళ్లీ వదలొచ్చు. ఇబ్బందేంటంటే, ఆపడానికి ఖర్చు లేదు కాబట్టి కష్టమైన యుద్ధాల్లో ప్రతి సెకనుకీ ఆపుతాం. అప్పుడది వేగంగానూ ఉండదు, వంతులవారీ ఆటలో ఉండే స్పష్టతా ఉండదు. 2023లో లేరియన్ స్టూడియోస్ చేసిన 'బాల్డర్స్ గేట్ 3' పూర్తిగా టర్న్-బేస్డ్‌కి వెళ్లిపోయింది, బ్రహ్మాండంగా ఆడింది.

రెండోది, యుద్ధానికి ముందు. 2006 నాటి 'ఫైనల్ ఫాంటసీ 12'లో గాంబిట్స్ అని ఉంటాయి. "ఎవరి ప్రాణశక్తి అయినా సగం కన్నా తగ్గితే వైద్యం చెయ్యి" లాంటి షరతులు ముందే రాసిపెడతాం. మనం రోజూ రాసే ఇఫ్-ఎల్స్ తప్ప ఇంకేం కాదు. యుద్ధం మొదలయ్యాక మన ఆలోచన దానంతటదే నడుస్తుంది. మన హైదరాబాద్‌లోని ఓగర్ హెడ్ స్టూడియో 2017లో తెచ్చిన 'అసుర' కూడా కొంతవరకు ఈ కోవలోకి వస్తుందని నేననుకుంటాను. పైనుంచి చూస్తూ నరుక్కుంటూ పోయే వేగమైన ఆట. చచ్చిపోతే మళ్లీ మొదట్నుంచి. అయితే ఆడిన ప్రతిసారీ అందులో స్కిల్ ట్రీ మారిపోతుంది. పోయినసారి పని చేసిన పద్ధతి ఈసారి దొరకదు. ఏ విద్య తీసుకోవాలన్న ఆలోచన నరుకుడికీ నరుకుడికీ మధ్యలో జరుగుతుంది.

మూడోది, శత్రువు కదలికలో. 'డార్క్ సోల్స్' (2011) అంటే వేగం అనుకుంటారు చాలామంది. నిజానికి అందులో పెద్ద శత్రువులు చాలావరకు కత్తి ఎత్తడానికి తీరిగ్గా టైమ్ తీసుకుంటారు. మనకేమో స్టామినా అనే పచ్చగీత ఉంటుంది. కొట్టినా, పరిగెత్తినా, దొర్లినా అది తరుగుతుంది. అది అయిపోయాక తప్పించుకోలేం. అందుకే "ఇంకో దెబ్బ కొట్టనా, తప్పించుకోవడానికి దాచుకోనా" అన్న లెక్క ప్రతి క్షణం నడుస్తుంది. దారులు తక్కువ, కానీ ప్రతి దానికీ ఖర్చుంది. అందుకే కొద్ది టైమ్‌లోనే నిజమైన నిర్ణయం జరుగుతుంది.

నాలుగోది, టైమ్‌ని సంపాదించుకోవడం. దీని మూలం 1991 నాటి 'ఫైనల్ ఫాంటసీ 4'లో ఉంది. హిరోయుకి ఇటో అందులో ఒక్కో పాత్రకీ ఒక్కో వేగంతో వంతు వచ్చే పద్ధతి పెట్టాడు. ఫార్ములా వన్ పందెంలో కార్లు వేర్వేరు వేగాలతో ఒకదాన్నొకటి దాటడం చూసి ఈ ఆలోచన వచ్చిందట. 2020లో వచ్చిన 'ఫైనల్ ఫాంటసీ 7 రీమేక్' దాన్ని ఇంకో మెట్టు ఎక్కించింది. కత్తితో కొడుతూ ఉంటే ఒక గీత త్వరగా నిండుతుంది. మెనూ తెరిస్తే లోకం బాగా నెమ్మదిస్తుంది. ఏం చేయాలో ఎంచుకుని, నిండిన గీతని ఖర్చుపెట్టి పెద్ద దెబ్బ వేస్తాం. వేళ్లతో ఆడి సంపాదించినది బుర్రతో ఖర్చుపెడతాం. ఫిషర్ గడియారం చేసేదీ ఇలాంటి పనే.

ఈ మధ్య 2025లో ఫ్రాన్స్ నుంచి వచ్చిన 'క్లేర్ అబ్‌స్క్యూర్: ఎక్స్‌పెడిషన్ 33' దీన్ని తిరగేసింది. మన వంతులో ఎంతసేపైనా ఆలోచించుకోవచ్చు. శత్రువు వంతులో మాత్రం రియల్ టైమ్‌లో తప్పుకోవాలి, లేదా దెబ్బని అడ్డుకోవాలి. రెండు పరీక్షల్నీ విడదీసి ఒకదాని తర్వాత ఒకటి పెట్టారు. వేళ్లు అంత చురుగ్గా లేనివాళ్ల కోసం స్టోరీ మోడ్‌లో అడ్డుకునే వ్యవధి పెంచారు కూడా.

మేం చేసిన మార్పులు

మొదట చేసిన తప్పు కూడా చెప్పాలి. తమ్ముడి మీద జాలితో పాజ్ పెట్టేశాను. ఎప్పుడు కావాలంటే అప్పుడు ఆపి కంచె వేసుకోవచ్చు. రెండు రోజులు ఆడి చూస్తే పరమ విసుగు. పులి కదిలితే ఆపు, కంచె వెయ్యి, వదులు, మళ్లీ ఆపు. రూమ్మేట్ కోడ్ చూపించి "ఇది గేమ్ కాదు, అప్లికేషన్ ఫారం" అన్నాడు. ఈసారి వాడిదే రైటు. ఆలోచించే టైమ్ ఇవ్వాలి, కానీ దానికి ఖర్చుండాలి. ఆ ఖర్చు వేళ్ల వేగం రూపంలో మాత్రం ఉండకూడదు.

జవాబు కబడ్డీలో దొరికింది. కూతకి వెళ్లినవాడి టైమ్ అంతా వాడి ఊపిరే కదా. ఇప్పుడు 30 సెకన్ల గడియారం కూడా ఉంది కానీ, మా ఊళ్లో చెడుగుడు ఆడినప్పుడు కూత ఆగితే పని అయిపోయినట్టే. అందుకని గేమ్‌లో ఒక గీత పెట్టి దానికి 'కూత' అనే పేరు పెట్టాం. బటన్ నొక్కి పట్టుకుంటే లోకం ఐదో వంతు వేగానికి పడిపోతుంది. కూత ఉన్నంతసేపే అది పని చేస్తుంది. పులికి దగ్గరగా నిలబడితే కూత త్వరగా నిండుతుంది, దూరంగా దాక్కుంటే నిండదు. అంటే ధైర్యం చేసినవాడికి ఆలోచించే టైమ్ దొరుకుతుంది.

రెండో మార్పు అరుగు మీది ఆట నుంచే తెచ్చుకున్నాం. పులి-మేకలో మూడు పులులున్నా ఒక ఎత్తుకి ఒక్క పులే కదులుతుంది. మా గేమ్‌లో మూడూ ఒకేసారి దూకేవి. ఇప్పుడు పులుల మధ్య ఒక టోకెన్ తిరుగుతుంది. అది ఎవరి దగ్గరుంటే ఆ పులే దూకాలి, మిగతావి చుట్టూ తిరుగుతూ గుర్రుమంటాయి. చూసేవాళ్లకి భయం ఏమీ తగ్గలేదు, చేయాల్సిన లెక్క మాత్రం మూడో వంతుకి తగ్గింది.

మూడోది, పులి దూకే ముందు హెచ్చరికని 300 నుంచి 600 మిల్లీ సెకన్లకి పెంచాం. తమ్ముడి ఫోన్ లెక్క 362 పోను ఇంకా 238 మిగులుతాయి. దానికి బదులు పులి దెబ్బ బరువు పెంచాం. ముందు ఐదు దెబ్బలు తట్టుకునేవాడు ఇప్పుడు రెండే తట్టుకుంటాడు. ఆట తేలికైపోలేదు, కష్టం ఉండే చోటు మారింది.

నాలుగోది, ఎనిమిది విద్యల్లో మూడే వెంట తీసుకెళ్లాలి. ఏ మూడన్నది అడవిలోకి వెళ్లే ముందే, గడియారం లేని చోట ఎంచుకోవాలి. కర్ర దెబ్బకి పులి చావదు, ఒక అడుగు వెనక్కి వెళ్తుందంతే. ఆ వెనక అడుగు కంచెలో పడేలా చూసుకోవడమే ఇప్పుడు ఆట. కర్రకీ కంచెకీ పెళ్లి చేశామని బొమ్మల అమ్మాయి నవ్వింది.

అందరూ ఒప్పుకున్నారనుకోకండి. హెచ్చరిక పెంచడం రూమ్మేట్‌కి ఇప్పటికీ నచ్చలేదు. వాడి కోసం ఒక సెట్టింగ్ పెట్టాం, పాత 300 అలాగే ఉంటుంది. పేరు కూడా వాడే పెట్టుకున్నాడు, 'ల్యాబ్ పులి' అని.

మీరు ఆడే గేమ్‌ని ఇలా పరీక్షించండి

ఇవన్నీ చేశాక మాకు మిగిలినవి మూడు ప్రశ్నలు. మీకు నచ్చిన ఏ గేమ్ మీదైనా వేసి చూడొచ్చు.

ఒకటి: ఓడిపోయినప్పుడు ఎందుకు ఓడావో నీకు తెలుస్తోందా? "ఆ కంచె అటు వెయ్యాల్సింది" అనిపిస్తే వ్యూహం బతికున్నట్టు. "నొక్కాను కదా" అనిపిస్తే లోపం ఎక్కడో గేమ్‌లోనే ఉంది.

రెండు: ఒకే పద్ధతితో మొదటి నుంచి చివరిదాకా గెలవగలుగుతున్నావా? అలా అయితే ఎన్ని విద్యలు పెట్టినా అవి బొమ్మలే.

మూడు: నీకన్నా నెమ్మదైన చేతులు, నీకన్నా పాత ఫోన్ ఉన్నవాళ్లు ఆ గేమ్ ఆడితే వాళ్లకి గెలిచే దారి ఒక్కటైనా ఉందా?

మూడో ప్రశ్న అందరికీ అవసరం లేదని కొందరంటారు. కేవలం చేతుల పందెంగా ఉండే ఆటలు ఉండొచ్చు, అవీ గొప్పవే. కానీ మనం గేములు చేసేది ల్యాబ్‌లో, మన ఊళ్లలో వాటిని ఆడేది చాలావరకు అన్నయ్యో అక్కో వాడి వదిలేసిన ఫోన్లలో. ఆ తేడా కొలవకుండా "కష్టంగా ఉంది కాబట్టి మంచి గేమ్" అనేస్తే, మనం మన దగ్గరున్న కంప్యూటర్‌ని మెచ్చుకున్నట్టే అవుతుంది.

సంక్రాంతి సెలవులకి కొత్త వెర్షన్ పట్టుకుని ఇంటికెళ్లాను. ఈసారి ఏమీ చెప్పకుండా ఫోన్ ఇచ్చి వంటింట్లోకి వెళ్లిపోయాను. వాడు మొదటిసారి ఓడాడు. రెండోసారీ ఓడాడు. మూడోసారి మొదలుపెట్టే ముందు కాగడా తీసేసి కుక్కని ఎంచుకోవడం తలుపు సందులోంచి చూశాను. కాసేపటికి అమ్మ అన్నానికి పిలిచింది. లేవలేదు. మళ్లీ పిలిచింది.

"ఉండమ్మా, మూడో పులి ఒక్కటే మిగిలింది" అన్నాడు.

వెళ్లి పక్కన కూర్చున్నాను. వాడు తెర మీంచి కళ్లు తిప్పకుండానే, "అన్నయ్యా, ఆ ఎడమ మూల కంచె మీద నుంచి పులి దూకేస్తోంది చూశావా? అది మీ తప్పే" అన్నాడు. నిజమే, అది బగ్. వడ్లమూడి వచ్చాక సరిచేశాం. కావాల్సినవాళ్లు హాస్టల్లో మా రూమ్‌కి వచ్చి పెన్ డ్రైవ్‌లో తీసుకెళ్లండి. ఫోన్ ఎంత పాతదైతే అంత మంచిది.